పాత వెస్టర్న్‌లు ఎలా చూడాలి: ఒక్కోటి కాదు, రెండేసి

పాత వెస్టర్న్‌లు, అంటే గుర్రాలూ తుపాకులూ ఉండే కౌబాయ్ సినిమాలు, చూద్దామనుకునే వాళ్లలో చాలామంది ముందు చేసే పని, ఏదో ఒక "వంద గొప్ప సినిమాల" లిస్టు వెతికి పట్టుకుని, పైనున్న దాంతో మొదలుపెట్టడం. పైనుండేది ఎక్కువగా రెండున్నర మూడు గంటల సినిమానే. అరగంట గడిచినా ఎవడూ ఏమీ మాట్లాడడు, ఒకడు చుట్ట కాలుస్తుంటాడు, ఇంకొకడు గుర్రం దిగుతుంటాడు, మీరు ఫోన్ తీస్తారు. అంతే, వెస్టర్న్‌లు మనకి పడవు అని తేల్చేస్తారు.

ఇంకో ఫిర్యాదు కూడా వింటుంటాం, కథలన్నీ ఒకటేనని. నిజమే, దాదాపు ఒకటే. ఊళ్లో ఒక దుర్మార్గుడు, భయపడే జనం, ఎక్కడి నుంచో వచ్చిన ఒక తుపాకీ వీరుడు, చివర్లో వీధి మధ్య లెక్క తేలడం. కానీ ఈ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకి కావాల్సింది సరిగ్గా అదే. కథ ముందే తెలుసు కాబట్టి, ఈసారి ఈ డైరెక్టరు దాన్ని ఎటు తిప్పాడు, ఎవరికి ఎదురు చెప్పాడు అన్నది చూస్తారు. వీళ్లు ఒకరి సినిమాకి ఇంకొకరు జవాబు చెప్పుకున్నారు, కొందరైతే తమ పాత సినిమాకి తామే జవాబు చెప్పుకున్నారు. అందుకే నా సలహా ఒక్కటే: ఒక సినిమా చూసి ఆగకండి, దానికి జోడీ ఏదో తెలుసుకుని అదే వారంలో రెండోది కూడా చూడండి. ఒక్కటే చూస్తే మామూలుగా అనిపించేది రెండోది చూశాక వేరేగా కనిపిస్తుంది.

మొదటి జత: హై నూన్, రియో బ్రావో

'హై నూన్' 1952 నాటిది, నలుపు తెలుపు, నిడివి 85 నిమిషాలే. మొదటి సినిమాగా దీనికి మించింది లేదు. ఊరి మార్షల్ (పోలీసు అధికారి) విల్ కేన్‌కి ఆ పొద్దున్నే పెళ్లయింది, ఉద్యోగం వదిలేసి భార్యతో వెళ్లిపోబోతున్నాడు. అంతలో కబురు వస్తుంది, తను జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైల్లో దిగుతున్నాడని. వాడి మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కూర్చున్నారు. కేన్ సాయం కోసం ఊరంతా తిరుగుతాడు. జడ్జి పెట్టె సర్దుకుంటాడు, ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి లేనని భార్యతో చెప్పిస్తాడు, చర్చిలో అయితే పెద్ద చర్చే జరుగుతుంది, అందరూ అతన్ని పొగుడుతారు, ఒక్కడూ లేవడు.

ఇందులో కాల్పుల కోసం ఎదురుచూడకండి, అవి ఆఖర్లో కొన్ని నిమిషాలే. గోడ గడియారాలు చూస్తుండండి. కథలో గడిచే టైము, మనం కూర్చున్న టైము దాదాపు సమానంగా నడుస్తాయి, పదే పదే గడియారం చూపించి టెన్షన్ పెంచుతాడు డైరెక్టర్ ఫ్రెడ్ జిన్నెమన్. మధ్యమధ్యలో ఖాళీ రైలు పట్టాల షాట్ వస్తుంది, అందులో ఏమీ జరగదు, అయినా గుండె కొట్టుకుంటుంది. కేన్‌గా వేసిన గ్యారీ కూపర్‌కి అప్పటికి యాభై దాటింది, ఆ ముఖంలోని అలసటని దాచాలని ఎవరూ ప్రయత్నించలేదు, భయపడుతున్న హీరోని చూస్తున్నామని మనకి అర్థమవుతూనే ఉంటుంది. దిమిత్రి ట్యోమ్కిన్ కట్టిన పాట ఒకటి టెక్స్ రిట్టర్ గొంతులో మొదట్లోనే వస్తుంది, తర్వాత సినిమా అంతా ఆ బాణీయే వెంటాడుతుంది.

చూసే ముందు ఒక్క విషయం తెలుసుకుంటే చాలు. ఇది రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ని అదే సమయంలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ పిలిచింది, సినిమా రంగంలో కమ్యూనిస్టులెవరో చెప్పమని. ఆయన ఎవరి పేర్లూ చెప్పలేదు, సినిమాల్లో పని ఇవ్వకూడదన్న బ్లాక్‌లిస్టులో పడ్డాడు, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఇది మనసులో పెట్టుకుని ఆ ఊరివాళ్లు చెప్పే సాకులు వినండి.

ఇప్పుడు 'రియో బ్రావో', 1959. డైరెక్టర్ హోవర్డ్ హాక్స్‌కి 'హై నూన్' అస్సలు నచ్చలేదు. పని తెలిసిన షెరీఫ్ ఎక్కడైనా ఇల్లిల్లూ తిరిగి సాయం అడుక్కుంటాడా అన్నది ఆయన గొడవ. 'రియో బ్రావో'లో షెరీఫ్‌గా వేసిన జాన్ వేన్‌కి 'హై నూన్' మీద ఇంకా ఎక్కువ కోపం, అదసలు అమెరికా స్వభావానికే విరుద్ధమని చాలా ఏళ్ల తర్వాత కూడా అన్నాడు (తమాషా ఏంటంటే, 'హై నూన్'కి గ్యారీ కూపర్‌కి వచ్చిన ఆస్కార్‌ని వేదిక మీద అతని తరఫున అందుకున్నది ఈ జాన్ వేనే). ఇద్దరూ కలిసి ఎదురు సినిమా తీశారు. ఇందులో షెరీఫ్ సాయం అడగడు, ఎవరైనా చేస్తామన్నా, ఇది మీ పని కాదని వద్దంటాడు. చివరికి అతని పక్కన మిగిలేది ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలాయన, ఒక కుర్రాడు, జూదమాడే ఒక అమ్మాయి.

రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా ఇది, కథ మాత్రం ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. మిగతా టైమంతా వీళ్లు జైల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, దెప్పుకుంటారు, ఒకసారి ఏకంగా పాటలు పాడుకుంటారు. మొదటి కొన్ని నిమిషాల్లో మాట అన్నదే లేదు. బార్లో తాగుబోతు డీన్ మార్టిన్‌కి డబ్బుల్లేవు, ఒకడు వెటకారంగా ఉమ్మితొట్టెలోకి నాణెం విసురుతాడు, ఇతను దాని కోసం వంగుతాడు. ఆ మనిషి ఎంత పడిపోయాడో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత వణికే చేతులతో అతను సిగరెట్ చుట్టుకోలేకపోవడం, జాన్ వేన్ ఏమీ అనకుండా చుట్టి ఇవ్వడం గమనించండి, సినిమాలో స్నేహం అంతా ఆ చిన్న పనిలోనే ఉంది.

రెండూ చూశాక, కష్టం వచ్చినప్పుడు ఊరు మన వెంట నిలుస్తుందా అన్న ప్రశ్నకి రెండు వేర్వేరు సమాధానాలు మీ ముందుంటాయి. సినిమాగా బిగువు 'హై నూన్'దే. కానీ మళ్లీ చూడాలనిపించేది నాకు 'రియో బ్రావో'నే, ఆ మనుషుల మధ్య కాసేపు కూర్చుంటే చాలనిపిస్తుంది.

రెండో జత: ఒకే డైరెక్టరు, ఒకే హీరో, ఒకే లోయ

'స్టేజ్‌కోచ్' 1939లో వచ్చింది, 'ద సర్చర్స్' 1956లో. రెండూ జాన్ ఫోర్డ్ తీసినవి, రెంటిలోనూ జాన్ వేన్, రెంటిలోనూ మాన్యుమెంట్ వ్యాలీ. యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో, నవాహో ప్రజల నేల మీద, ఎర్రమట్టి మైదానంలో కోటల్లా నిలబడ్డ రాతి గుట్టలు ఉంటాయే, అదే. వెస్టర్న్ అనగానే కళ్ల ముందుకొచ్చే ఆ దృశ్యాన్ని మన బుర్రల్లో పెట్టింది ఫోర్డే. కథ ఎక్కడ జరిగినా ఆయన చాలాసార్లు అక్కడే తీసేవాడు. టెక్సాస్‌లో జరిగే 'ద సర్చర్స్' కూడా అక్కడే తీశాడు, నిజం టెక్సాస్‌కి దానికి పోలికే ఉండదు, దాన్ని పట్టించుకోకండి.

'స్టేజ్‌కోచ్'లో ఒక గుర్రబ్బండిలో రకరకాల మనుషులు ఇరుక్కుని ప్రయాణం చేస్తారు: ఊరి నుంచి వెలివేసిన వేశ్య, తాగుబోతు డాక్టరు, ఆఫీసరు భార్యయిన గర్భిణి, ఒక జూదరి, డబ్బు కొట్టేసి పారిపోతున్న బ్యాంకరు. దారిలో జైలు నుంచి తప్పించుకున్న రింగో కిడ్ ఎక్కుతాడు. జాన్ వేన్ కనిపించే మొదటి షాట్‌లో కెమెరా అతని ముఖం మీదికి దూసుకెళ్తుంది, మధ్యలో ఒక్క క్షణం మసకబారుతుంది కూడా. అప్పటిదాకా చిన్న సినిమాల్లో నెట్టుకొస్తున్న నటుడు ఆ షాట్‌తో స్టార్ అయ్యాడు. చివర్లో వెంటాడే సీనులో ఒక మనిషి పరిగెత్తే గుర్రాల మధ్య పడిపోతే, బండి అతని మీదుగా వెళ్లిపోతుంది. అది నిజంగానే చేశారు, చేసినవాడు యాకిమా కనట్ అనే స్టంట్‌మన్. ఆ సీను మాత్రం వెనక్కి తిప్పి రెండోసారి చూడాలి.

పదిహేడేళ్ల తర్వాత అదే నటుడు 'ద సర్చర్స్'లో ఈథన్ ఎడ్వర్డ్స్‌గా వస్తాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడినవాడు, అన్న ఇంటికి తిరిగొస్తాడు. కొమాంచీ ఆదివాసులు ఆ ఇంటి మీద దాడి చేసి అన్న కూతురిని ఎత్తుకుపోతారు, ఇతను ఏళ్ల తరబడి వెతుకుతాడు. కాసేపటికి మనకి ఒక అనుమానం మొదలవుతుంది, ఇతను ఆ పిల్లని కాపాడటానికి వెతుకుతున్నాడా, చంపడానికా? వాళ్లతో కలిసి పెరిగిన పిల్ల ఇక తన మనిషి కాదన్నంత ద్వేషం అతనిలో ఉంది. హీరోలా నిలబడతాడు, హీరోలా నడుస్తాడు, లోపల విషం. 'స్టేజ్‌కోచ్' ముందు చూడమనేది ఇందుకే. ఆ నవ్వు ముఖం కుర్రాడిని మీరు ఇష్టపడి ఉంటేనే ఇతన్ని చూసి ఇబ్బంది పడతారు. మొదటి షాట్‌నీ చివరి షాట్‌నీ మాత్రం జాగ్రత్తగా చూడండి, రెంటిలోనూ తలుపే ముఖ్యం, అంతకంటే చెప్పను.

ఇక్కడే ఒక మాట. పాత వెస్టర్న్‌లలో ఆదివాసుల్ని చూపించిన తీరు చాలావరకు అన్యాయం. 'స్టేజ్‌కోచ్'లో అపాచీలకి ముఖం లేదు, గుట్ట మీద కనిపించి బండి మీద పడటమే వాళ్ల పని. 'ద సర్చర్స్'లో కొమాంచీ నాయకుడి పాత్ర వేసింది జర్మనీలో పుట్టిన తెల్లజాతి నటుడు, వెనకున్న జనమంతా నవాహోలు. అప్పట్లో పశువుల మందలు తోలినవాళ్లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు ఎంతోమంది ఉన్నా పాత సినిమాల్లో వాళ్లు దాదాపు కనిపించరు. దీన్ని చూసీ చూడనట్టు వదిలేయమని చెప్పను. చూడండి, చిరాకు పడండి, 'ద సర్చర్స్' ఆ ద్వేషాన్ని ఎంతవరకు ప్రశ్నించింది, ఎక్కడ తనూ అందులోనే ఇరుక్కుంది అని వాదించుకోండి. అభిమానులు ఇప్పటికీ అదే వాదించుకుంటున్నారు.

మూడో జత: హెన్రీ ఫోండా కళ్లు

1946లో ఫోర్డ్ తీసిన 'మై డార్లింగ్ క్లెమెంటైన్'లో హెన్రీ ఫోండా మార్షల్ వ్యాట్ అర్ప్. వరండాలో కుర్చీని వెనక్కి వాల్చి, స్తంభానికి ఒక కాలు తన్నిపెట్టి, కాళ్లు మార్చి మార్చి ఊగుతుంటాడు. సినిమాలో నాకు తుపాకీ కాల్పులకంటే అది, సగం కట్టిన చర్చి దగ్గర అతను బిగుసుకుపోయి చేసే డాన్సూ ఎక్కువ ఇష్టం. చరిత్ర కోసం చూడకండి. ఈ కథకి ఆధారమైన ఓకే కొరాల్ కాల్పులు నిజంగా 1881 అక్టోబర్ 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊళ్లో జరిగాయి, అంతా కలిపి అర నిమిషం వ్యవహారం. సినిమా సంవత్సరం కూడా మార్చేసింది.

ఆ మంచి మార్షల్‌ని గుర్తుంచుకుని ఇటలీ డైరెక్టర్ సెర్జియో లియోనీ 1968 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' పెట్టండి. ఒక కుటుంబాన్ని కాల్చి చంపేస్తారు, దుమ్ములోంచి హంతకులు నడిచొస్తారు, కెమెరా నాయకుడి వీపు వెనక నుంచి మెల్లగా ముందుకి తిరుగుతుంది, చూస్తే హెన్రీ ఫోండా. అవే నీలి కళ్లు. ఎదురుగా ఒక చిన్న పిల్లాడు. ఫోండా ఈ పాత్ర కోసం గోధుమరంగు కాంటాక్ట్ లెన్సులు, మీసం పెట్టుకుని వచ్చాడట, లియోనీ రెండూ తీయించేశాడు. ఆయనకి కావాల్సింది జనం ముప్పై ఏళ్లుగా నమ్మిన ఆ ముఖమే. 'క్లెమెంటైన్' చూడనివాళ్లకి ఇక్కడ ఒక విలన్ కనిపిస్తాడు, చూసినవాళ్లకి కడుపులో తిప్పుతుంది.

లియోనీ సినిమాలకి కొంచెం తయారీ కావాలి. మొదటిది శబ్దం. ఈ సినిమా మొదట్లో ముగ్గురు రైలు కోసం ఎదురుచూస్తారు, పది నిమిషాలకి పైనే. కిర్రుమనే గాలిమర, ఒకడి టోపీ మీద టప్ టప్ మని పడే నీటి చుక్కలు, ఇంకొకడి ముఖం మీద వాలే ఈగ, అంతే. ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఇది దండగ, హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి. ఎన్యో మోరికోనే సంగీతం షూటింగ్‌కి ముందే తయారైంది, సెట్‌లో అది వినిపిస్తూ తీశారు, అందుకే మనుషుల నడక, కెమెరా కదలిక పాటకి కట్టినట్టుంటాయి. మౌతార్గాన్ వాయించే చార్లెస్ బ్రాన్సన్ ఎందుకు దాన్ని మోస్తున్నాడో ఆఖర్లో కానీ తెలియదు, ముందే ఎక్కడా చదివేయకండి.

రెండోది పెదాలు. ఇటలీవాళ్లు ఎక్కువగా స్పెయిన్‌లో, అల్మెరియా చుట్టుపక్కల ఎండు భూముల్లో తీసిన సినిమాలివి. నటులు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవాళ్లు, మాటలన్నీ తర్వాత డబ్ చేసినవే. పెదాలకి మాటలకి కుదరకపోవడం మీ కాపీలో లోపం కాదు, పదిహేను నిమిషాల్లో అలవాటైపోతుంది.

మూడోది స్క్రీన్. లియోనీ వెడల్పు ఫ్రేము వాడతాడు, ఈ చివర ఒక కన్ను, ఆ చివర ఎక్కడో ఒక గుర్రం. స్క్రీన్ నిండటానికి అంచులు కత్తిరించిన కాపీ అయితే సగం సినిమా పోయినట్టే. దానికి తిరగేసి, 'స్టేజ్‌కోచ్', 'హై నూన్' లాంటివి దాదాపు చదరంగా ఉంటాయి, పక్కల నల్లపట్టీలు రావాలి, రిమోట్‌తో సాగదీసి గుర్రాల్ని లావు చేయకండి.

క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో లియోనీ తీసిన మూడింటి వరసకి వస్తే, కథలకి గట్టి సంబంధం లేదు కాబట్టి ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. నేనైతే రెండోదైన 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965)తో మొదలుపెట్టమంటాను, తర్వాత 'ద గుడ్ ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' (1966). మొదటిదైన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964)ని జపాన్ డైరెక్టర్ అకిరా కురొసావా 'యోజింబో' (1961) పక్కన పెట్టి చూస్తేనే మజా, ఎందుకంటే ఆ కథ అక్కడి నుంచి ఎత్తిందే, కోర్టు గొడవ కూడా అయింది.

ఒక ముఖం వెంట పడండి

ఇది జతల కంటే సరదా. 'హై నూన్'లో స్టేషన్లో కాచుకున్న ముగ్గురిలో ఒకడికి మాటే లేదు, గద్ద ముక్కు, సన్న కళ్లు. అతనే లీ వాన్ క్లీఫ్. ఆ తర్వాత ఏళ్ల తరబడి విలన్ వెనక నిలబడే మనిషిగానే మిగిలాడు, 1962 నాటి 'ద మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్'లో కూడా అంతే, విలన్ లీ మార్విన్ వెనక ఒక అనుచరుడు. మూడేళ్ల తర్వాత లియోనీ అతన్ని పిలిచి 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో ఈస్ట్‌వుడ్‌కి సమానంగా నిలబెట్టాడు, మరుసటి ఏడాది 'ద గుడ్ ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'లో 'బ్యాడ్' అతనే. ఈ నాలుగూ వరసగా చూడండి. ఇలాంటి ముఖాలు ఇంకా చాలా దొరుకుతాయి. లియోనీ రైలు స్టేషన్లో ఈగతో కుస్తీ పట్టే జాక్ ఈలమ్, 'హై నూన్' జైల్లో తాగి పడుకున్నవాడు ఒకడే. ఇలా గుర్తుపట్టడం మొదలయ్యాక ఎంత సాదా వెస్టర్న్ అయినా బోరు కొట్టదు.

'లిబర్టీ వాలెన్స్' గురించి రెండు ముక్కలు చెప్పాలి. అప్పటికి రంగులు మామూలైపోయినా ఫోర్డ్ దీన్ని నలుపు తెలుపులో, ఎక్కువగా సెట్లలో తీశాడు, లోయ లేదు, ఆకాశం లేదు. ఒక లాయరు, ఒక తుపాకీ మనిషి, ఒక రౌడీ, ఎవరు ఎవరిని చంపారన్న కథ, కీర్తి ఎవరికి దక్కిందన్న కథ. మొదట్లోనే చూస్తే వెలవెలబోతున్నట్టుంటుంది, పది సినిమాల తర్వాత చూస్తే దెబ్బ తగులుతుంది.

'షేన్' (1953), 'అన్‌ఫర్‌గివెన్' (1992) మరో జత. మొదటిదాంట్లో పశువుల దొరకి, కొత్తగా వచ్చి పొలాలు వేసుకున్న రైతులకి మధ్య తగవు, ఒక చిన్న పిల్లాడి కళ్లతో కనిపించే ఆగంతకుడు. తుపాకీ పేలితే హాల్లో జనం ఉలిక్కిపడాలని డైరెక్టర్ జార్జ్ స్టీవెన్స్ ఆ శబ్దాన్ని బాగా పెంచాడు, గుండు తగిలిన మనిషిని తీగతో వెనక్కి లాగించాడు. అప్పట్లో అది కొత్త. రెండోదాంట్లో అలాంటి హంతకుడే ముసలివాడై పందులు పెంచుకుంటుంటాడు, గుర్రం ఎక్కలేడు, డబ్బాని కాల్చలేడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ దీన్ని తన ఇద్దరు గురువులు, సెర్జియో లియోనీకి, డాన్ సీగల్‌కి అంకితమిచ్చాడు. ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చిందని దీన్ని ముందు చూసేస్తుంటారు చాలామంది, దయచేసి వద్దు. ఇది మిగతావన్నీ చూసినవాళ్ల కోసం తీసిన సినిమా, దీన్ని ఆఖరుకి పెట్టుకోండి.

ఇక ఇంట్లో అందరితో కలిసి చూడాలంటే 'ద మ్యాగ్నిఫిసెంట్ సెవెన్' (1960) చాలు, పెద్దగా ఆలోచించే పనిలేదు, ఎల్మర్ బెర్న్‌స్టైన్ సంగీతమే లాక్కెళ్తుంది. యూల్ బ్రిన్నర్ మాట్లాడుతుంటే పక్కన స్టీవ్ మెక్వీన్ టోపీ సర్దుకోవడం, తూటాలు చెవి దగ్గర ఆడించి చూడటం గమనించండి, చూపు తన మీదికి లాక్కోవడానికి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు. ఆడవాళ్లకి ఈ సినిమాల్లో ఎదురుచూడటం తప్ప పని లేదని విసుగొస్తే 'జానీ గిటార్' (1954) పెట్టండి, అందులో చివరి తుపాకీ పోరు ఇద్దరు ఆడవాళ్ల మధ్యే.

రీమేక్ ముందా, పాతది ముందా అని అడుగుతారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. '3:10 టు యూమా' 1957లో గ్లెన్ ఫోర్డ్, వాన్ హెఫ్లిన్‌తో వచ్చింది, 2007లో రసెల్ క్రో, క్రిస్టియన్ బేల్‌తో మళ్లీ తీశారు. పాతదే ముందు. గంటన్నర సినిమా, అందులో చాలాభాగం ఒక హోటల్ గదిలో ఇద్దరు మగాళ్లు, పట్టుబడ్డ బందిపోటు, అతనికి కాపలా ఉన్న రైతు, జైలుకి తీసుకెళ్లే రైలు కోసం ఎదురుచూడటం. బందిపోటు మంచం మీద పడుకుని తీయగా మాట్లాడుతూ డబ్బు ఆశ చూపిస్తుంటాడు, అప్పుల్లో మునిగిన రైతు తుపాకీ పట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చుంటాడు. కొత్తదాంట్లో కాల్పులు ఎక్కువ, గది తక్కువ, ముగింపు వేరు. రెండు ముగింపుల్లో ఏది నమ్మేలా ఉందో తేల్చుకోవాలంటే రెండూ ఒకే వారంలో చూడండి, ఓపిక ఒక్కదానికే ఉంటే 1957దే పెట్టండి.